ఎండ్రకాయల పెళ్లిచూపులు

"ఒకసారి జూసిన జాగకు మళ్ల ఎవలన్న పోతరా?" అన్నాడు మా ఆయన రాజేశ్వర్.

ఆయన ఆ మాట అన్నప్పుడు నేను పెరట్లో ఆయన దుకాణం చొక్కాలు నానబెడుతున్నాను. ఆర్మూర్‌లో మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. ఆ చొక్కాలను ఇంటి బట్టల్లో కలపకూడదు. విడిగా రెండు నీళ్లు తీసి, మూడో నీళ్లలో సబ్బు వెయ్యాలి. ఎంత ఉతికినా వాసన మొత్తం పోదు, సగం నా చేతులకు వస్తుంది. పదకొండేళ్లుగా నా గాజుల కింద అదే వాసన.

నేను చేసిన నేరమల్లా ఒకటే. సీజన్‌లో టార్గెట్ దాటిన డీలర్లను మందుల కంపెనీవాళ్లు టూరుకు తీసుకుపోతారు. బ్యాంకాక్ అయితే మగవాళ్లు ఒక్కళ్లే, అండమాన్ అయితే ఆలుమగలు. రెండింట్లో ఏది కావాలో నొక్కండని దుకాణం యజమాని నంబరుకు లింకు వచ్చింది. యజమానిని నేనే కదా మరి, అండమాన్ నొక్కాను. గంట తర్వాత కంపెనీ మనిషి మల్లేష్ దుకాణానికి ఫోన్ చేసి "సేట్, మేడం అండమాన్ నొక్కిన్రు, ఖాయం జేసిన" అని చెప్పాడట. బ్యాంకాక్ కోసం రెండు కొత్త టీషర్టులు కొనుక్కున్న మా ఆయన మొహం ఎలా అయి ఉంటుందో నేను చూడలేదు. చూస్తే బాగుండేది.

దుకాణం పేరు కరుణశ్రీ ట్రేడర్స్. కరుణశ్రీ అంటే నేనే. లైసెన్సు నా పేరు మీద ఎందుకుందంటే, పురుగుమందులు అమ్మాలంటే సైన్సు డిగ్రీ కావాలి. మా ఆయన ఇంటర్ దగ్గర ఆగిపోయాడు, నేను బీఎస్సీ పాసయ్యాను. పెళ్లిచూపులకు వచ్చిన రోజు మా అత్తమ్మ రత్నవ్వ నా జడ చూడలేదు, వంట వచ్చా అని అడగలేదు. "సర్టిఫికెట్ జర జూపియ్ బిడ్డా" అంది. చదువంటే ఎంత గౌరవం అనుకుని వారం రోజులు మురిసిపోయాను. పెళ్లయిన పదహారో రోజుకు ఆ సర్టిఫికెట్ అద్దం కట్టించుకుని దుకాణం గోడ మీదికి చేరింది. దాని కింద ఉన్న కుర్చీలో మాత్రం నన్ను ఏ రోజూ కూర్చోనివ్వలేదు. "మార్కెట్‌ల మొగోళ్లుంటరు, ఆడిదానివి నీకెందుకు" అన్నారు.

అలాగని పని లేదని కాదు. మోర్తాడ్ నుంచో కమ్మర్‌పల్లి నుంచో రైతులు పసుపు ఆకు తెంపుకుని దుకాణానికి వస్తారు. మా ఆయన "ఒక్క నిమిషం" అని వాళ్లను కూర్చోబెట్టి, ఆకు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. నేను తాలింపు పక్కన పెట్టి, ఫోటో పెద్దది చేసి చూసి, ఆకుమచ్చా, తాటాకు తెగులా, లేకపోతే దుంపకుళ్లు మొదలైందా అని రాసి పంపుతాను. ఆయన దాన్ని గొంతు సవరించుకుని రైతుకు చెబుతాడు. "రాజేశ్వర్ సేటుకు ఆకు జూస్తెనే రోగం ఎర్కయితది" అని చుట్టుపక్కల మండలాల్లో మంచి పేరు. నా ఫోన్‌లో రోగమొచ్చిన ఆకులు నాలుగు వేలున్నాయి.

ఇంకో ఉద్యోగం కూడా ఉంది, ఓటీపీ చెప్పడం. ఆధార్‌కు అతికించింది నా నంబరే కాబట్టి స్టాకుకైనా, బ్యాంకుకైనా అంకెలు నాకే వస్తాయి. "కరుణా, ఓటీపీ!" అని ఫోన్‌లో అరుపు వినపడుతుంది. నేను ఆరంకెలు చదువుతాను, ఆయన పెట్టేస్తాడు. దేనికి అని పదకొండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. మెసేజ్ చదివే అలవాటు కూడా లేదు, కన్ను నేరుగా అంకెల మీదికే పోతుంది. పాలవాడు చెంబు నింపిపోయినట్టు చెప్పేసి మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాను.

అలాంటి మనిషి తనంతట తాను ఒక బొత్తం నొక్కితే అనుమానం రాదా? వచ్చింది.

"ఏమున్నదే గక్కడ?" అన్నాడు.

"ఎండ్రికాయలు."

అరుగు మీద బీడీలు చుడుతున్న అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎండ్రికాయలు మన వాగుల లేవా పిల్లా? గంత దూరం, సముద్రం దాటి, ఎండ్రికాయల కోసం పోతవా? ఎవలకన్న చెప్తె నవ్వుతరు" అంది. ఆమె నవ్వలేదు.

నిజమే చెప్పాను. రెండేళ్ల క్రితం మొదటి టూరులో పదిహేను జంటలం పోయాం. మగవాళ్లు రిసార్టులో సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు, ఆడవాళ్లను ముత్యాల దండల దుకాణాలకు తోలారు. నాకు తలనొప్పి అని చెప్పి, రిసార్టు వెనకున్న మడ అడవిలోకి చెక్క వంతెన మీదుగా పోయాను. నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడి ఉంది. ఆ బురద నిండా బొరియలు. నా అడుగుల చప్పుడుకు అన్నీ ఖాళీ అయిపోయాయి. కాళ్లు నొప్పెట్టి వంతెన అంచున కూర్చున్నాను. కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, బొటనవేలంత ఎండ్రకాయలు. మగవాటికి ఒక ముందు చెయ్యి ఒళ్లంత పెద్దగా ఉంటుంది, పసుపు కొమ్ము విరిస్తే లోపలుండే రంగులో. ఆ చేత్తో తినడానికి రాదు. ఊపడానికి మాత్రమే. ఒక్కొక్కటి తన బొరియ ముందు నిలబడి, ఇటు రా ఇటు రా అని పొద్దంతా ఊపుతూనే ఉంటుంది. ఆడవాటికి రెండూ చిన్న చేతులే. రెండు చేతులా తింటాయి.

డిగ్రీలో జువాలజీ పుస్తకంలో రెండు ముక్కల్లో చదివిందే. కానీ అక్కడ ఒక ఆడ ఎండ్రకాయను చూశాను. చేతులు ఊపుతున్న మగవాటి మధ్య నుంచి తాపీగా నడుస్తోంది. ఒక బొరియలోకి దిగింది, చూసింది, బయటికి వచ్చేసింది. పక్కదాంట్లోకి పోయింది. అదీ నచ్చలేదు. నాలుగు, ఐదు, ఆరు బొరియలు. లోపల ఎంత లోతో, తడి ఉందో లేదో, గోడ గట్టిదో కాదో తనే దిగి చూసుకుంటోంది. వచ్చేటప్పుడు మగదాని కేసి తిరిగి కూడా చూడడం లేదు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇక్కడ పెళ్లిచూపులకు ఆడది పోతోంది! ఫోన్ తీసి ఫోటోల మీద ఫోటోలు కొట్టాను. ఎనిమిదో బొరియ అంచున అది ఆగి ఉండగా బస్సు హారన్ మోగింది. వెనక నుంచి మా ఆయన "ఏం జేస్తున్నవే గా బురదల?" అని అరుస్తూ వచ్చాడు. అన్నీ మాయమైపోయాయి. అది ఏ బొరియ ఎంచుకుందో చూడకుండానే వచ్చేశాను. రెండేళ్లుగా అన్నం వండుతుంటే, బట్టలు పిండుతుంటే గుర్తొస్తుంది. ఎనిమిదోది నచ్చిందా, లేదా?

ఇదంతా చెబితే ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి నా ఫోన్ ఆయన చేతిలోకి పోయింది. మూడు రోజులు వరసగా అండమాన్ ఫోటోలన్నీ చూశాడు. మూడు వందల నలభై ఫోటోలు, ప్రతి ఒక్కటి పెద్దది చేసి మూల మూలలా వెతికాడు. ఎండ్రకాయ తప్ప అన్నీ చూశాడు. నాలుగో రోజు దొరికింది.

"గిదేంది? నీ నీడ పక్కన ఇంకో నీడున్నది. ఎవలిది?"

చూశాను. బురద మీద నా నీడ, దాని పక్కన పొట్ట, నడుం మీద ఒక చెయ్యి, చెవి దగ్గర ఇంకో చెయ్యి. "నీదే. బస్సుకాడికి పిలువ వచ్చినవు గద, ఫోన్ మాట్లాడుకుంట" అన్నాను.

"నా పొట్ట గంత లేదు" అన్నాడు.

తన నీడ మీద తనే అనుమానపడి రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. అత్తమ్మ నేను ఫోన్ పట్టుకున్నప్పుడల్లా నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది. నాలుగో తరగతి చదివే మా పాప ప్రియను పిలిచి "మీ మమ్మీకి ఎవలెవలు ఫోన్ జేస్తరు?" అని అడిగిందట. "రోగమొచ్చిన ఆకులు" అని చెప్పిందట నా బిడ్డ. దానికి నాలుగు ముద్దులు పెట్టాను.

అయితే నేనేం తక్కువదాన్ని కాదు. నాకూ ఏడాదిగా ఆయన మీద ఒక అనుమానం ఉంది. ప్రతి ఆదివారం దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిజామాబాద్ పని ఉందని పోయేవాడు. సాయంత్రానికి వచ్చేవాడు. ఏం పని అంటే "డీలర్ల మీటింగ్" అనేవాడు. ఇన్ని మీటింగులా? ఉతికే ముందు ఆ చొక్కాలు వాసన చూశాను. అత్తరు లేదు, మల్లెపూలు లేవు, సుద్దముక్క పొడి మాత్రం ఉండేది. ఎవరో టీచరమ్మ అయి ఉంటుందని కడుపు మండిపోయింది. అడిగితే కాదంటాడు, ఔనంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. అందుకని అడగలేదు.

ఉన్నట్టుండి ఒక రోజు ఆయన "సరె తియ్, పోదాం అండమాన్" అన్నాడు. గొంతులో బెల్లం. నేను ఉలిక్కిపడ్డాను. అరిచిన మనిషి మెత్తబడితే సంతోషించాలి కదా, నాకు మాత్రం ఒళ్లంతా కళ్లయ్యాయి. మర్నాడు దుకాణానికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోతే, నా సర్టిఫికెట్ పక్కన గోడకు కొత్త మేకు కనిపించింది. "ఇదేంది?" అంటే "క్యాలెండర్‌కు" అన్నాడు. క్యాలెండర్ ఎప్పటి చోటే ఉంది. మా మరిది శేఖర్ ఆ వారంలో నాలుగుసార్లు వచ్చాడు. నేను చాయ్ తెచ్చేసరికి ఇద్దరి మాటలూ ఆగిపోయేవి. ఇక బయల్దేరే ముందు రోజు మా ఆయన నా కోసం ఒక పవర్ బ్యాంకు కొనుక్కొచ్చాడు. నా పుట్టినరోజు ఎప్పుడో కూడా గుర్తుండని మనిషి! "నీ ఫోన్ ఆఫ్ గాకుండ జూస్కో. ఫోటోలు తీస్కోవాలె గద" అన్నాడు. దాన్ని చేతిలో పట్టుకుని, ఈయన మారాడేమో అని ఒక పూట నమ్మాను. నమ్మాలని ఉండింది, అది కూడా చెప్పాలి.

మూడు రోజులకు సరిపడా అత్తమ్మకు పచ్చళ్లు, పొడులు చేసిపెట్టి, ప్రియ యూనిఫాంలు ఇస్త్రీ చేసి జతలు జతలుగా పెట్టి బయల్దేరాను. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగినప్పటి నుంచి ఆయన నా వెంటే ఉన్నాడు. మిగతా డీలర్లు సీసాలు తీస్తే "నాకొద్దు" అన్నాడు. పడవవాడు నాకు చెయ్యి అందిస్తే మధ్యలోకి దూరి తన చెయ్యి అందించాడు. హోటల్ కుర్రాడు నీళ్ల సీసా ఇస్తే, వాడి పేరు, ఊరు అడిగాడు.

రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి నీళ్లు తగ్గుతాయని ముందే అడిగి తెలుసుకున్నాను. "నేను బురదకాడికి పోతున్న. నువ్వు పండుకో" అన్నాను. "పో, నాకు నిద్రొస్తుంది" అని దుప్పటి కప్పుకున్నాడు. దుప్పటి కింద ప్యాంటు వేసుకునే ఉన్నాడు.

అదే చెక్క వంతెన. అదే అంచున కూర్చున్నాను. బురద మీద గడియారం పెట్టినట్టు పదో నిమిషానికి ఎండ్రకాయలు బయటికి వచ్చాయి. పసుపు చేతులు ఊపడం మొదలైంది. నీటిగట్టున నీలం పిట్ట ఒకటి వాలింది. ఫోన్ ఎత్తి జూమ్ చేస్తే, పిట్ట వెనక మడ చెట్టు వేళ్ల మధ్య తెల్లటి టోపీ కనపడింది. కంపెనీవాళ్లు డీలర్లకు ఇచ్చిన టోపీ. దాని కింద ఒక కన్ను. నేను ఎవరిని కలుస్తానో చూడడానికి వచ్చాడు. ముందుకు వద్దామంటే బురద, వెనక్కి పోదామంటే చప్పుడు. నేను కదలకుండా ఫోటో తీశాను. పిట్ట మసకగా వచ్చింది, టోపీ మాత్రం స్పష్టంగా వచ్చింది. నన్ను పట్టుకోవడానికి దోమలకు రక్తం ఇస్తున్నాడని జాలి కూడా వేసింది.

అంతలో ఆమె వచ్చింది. అప్పటిది కాదు, రెండేళ్లు గడిచాయి కదా, ఇంకో ఆడ ఎండ్రకాయ. అదే తాపీ నడక. మొదటి బొరియ, దిగింది, వచ్చేసింది. రెండోది. నేను ఊపిరి బిగబట్టి వెంటవెంట ఫోటోలు తీస్తున్నాను. నాలుగోది. ఐదోది. ఆరో బొరియ అంచున ఉండగా ఫోన్ వణికింది. తెర పైన మెసేజ్ జారి, సరిగ్గా ఎండ్రకాయ మీద నిలిచింది. అంకెలు చివర్న ఉన్నాయి. కానీ నా కన్ను ఎండ్రకాయ మీద ఉంది కాబట్టి, మొదటిసారి మెసేజ్ మొదటి నుంచి కనపడింది.

"కరుణశ్రీ ట్రేడర్స్ లైసెన్సు యాజమాన్యం కె. రాజేశ్వర్ పేరుకు మార్చడానికి మీ సమ్మతి ఓటీపీ. పది నిమిషాలు చెల్లుతుంది."

ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివాను. ఒక్కొక్కటే వచ్చి జతపడ్డాయి. ఆదివారాలు. సుద్దముక్క పొడి. డిగ్రీ లేని డీలర్లు ఏడాది పాటు ఆదివారాలు క్లాసులకు పోతే సర్కారు డిప్లొమా ఇస్తుందని మల్లేష్ ఒకసారి మా ఇంట్లోనే చాయ్ తాగుతూ చెప్పాడు. గోడకు కొత్త మేకు ఆ డిప్లొమా కోసం. పవర్ బ్యాంకు ఈ ఆరంకెల కోసం. ఏడాది పాటు నేను చొక్కాలు వాసన చూసింది ఒక సర్టిఫికెట్ కోసం! ఆడమనిషి అయి ఉంటే బాగుండేది. ఆమె మీద ఏడ్చి ఊరుకునేదాన్ని. పదకొండేళ్ల కింద ఏ కాగితం కోసం నన్ను తెచ్చారో, ఆ కాగితం పని అయిపోయింది. గోడ మీద నుంచి నన్ను దించడానికి నా చేతే మేకు పీకిస్తున్నారు.

చెట్టు వెనక ఫోన్ మోగింది. టోపీ ఒక్కసారి ఎగిరిపడింది. గుసగుసగా "ఆఁ... వచ్చిందా... ఆగురా శేఖర్, ఆగు" అని వినపడింది. నన్ను కనిపెట్టాలంటే దాక్కునే ఉండాలి, ఓటీపీ కావాలంటే బయటికి రావాలి. ఆ వేళ్ల మధ్య ఆయన పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. నేను తల తిప్పలేదు.

చివరికి బయటికి వచ్చాడు. రెండడుగులు వేసేసరికి చెప్పులు బురదలో కూరుకుపోయాయి. ఆ చప్పుడుకు బురద మొత్తం ఖాళీ అయింది. ఆరో బొరియ అంచున ఉన్నది ఎటు పోయిందో కనపడలేదు.

"ఏం లే, వాకింగ్‌కు వచ్చిన" అన్నాడు. మోకాళ్ల దాకా బురద. "ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పు మరి. జల్ది. శేఖర్ ఆన్‌లైన్ సెంటర్ల కూసున్నడు."

"దేనికి?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు ఆయనకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆయన తన ఫోన్ కేసి చూసుకున్నాడు. "స్టాకుది. కంపెనీది. నీకెందుకే గవన్ని? ఎన్నడన్న అడిగినవా?"

"ఇయ్యాల అడుగుతున్న."

"చెప్పవేంది కరుణా? పది నిమిషాలే ఉంటది గది!"

"లైసెన్సు నీ పేరు మీదికి మార్చెటందుకు అని రాసున్నది."

ఆయన గొంతులోకి బెల్లం తెచ్చుకున్నాడు. "నీకు కష్టమెందుకని... నువ్వు ఊర్ల ఉంటె ఆఫీసుకు పోయి సంతకం పెట్టాలె, నలుగురిల నిలవడాలె. ఊర్ల లేకుంటె ఓటీపీతోని అయిపోతదన్నరు. గంతే. ఎవలి పేరు మీదుంటె ఏముంది, మనిద్దరం ఒక్కటే గద?"

"ఒక్కటే అయితే నా పేరు మీదనే ఉండనియ్."

"గా ఎండ్రికాయలకు, గా ఫోటోలకు నీ తల్కాయ ఖరాబయింది" అని అరిచాడు. ఇంకో అడుగు వేయబోయి, చెప్పు ఊడి, వంతెన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయన జేబులో ఫోన్ మళ్లీ మోగింది. శేఖర్ అయి ఉంటాడు.

నాకు కోపం ఉంది, భయమూ ఉంది. ఊరికి పోయాక అత్తమ్మ ఏమంటుందో, మా అన్నను పిలిపించి పంచాయితీ పెడతారో, ఏమీ తెలియదు. కానీ ఒకటి మాత్రం తెలుసు. ఎండ్రకాయలు మళ్లీ బయటికి రావాలంటే పది నిమిషాలు కదలకూడదు. ఓటీపీ ఉండేది కూడా పది నిమిషాలే.

"జర కూసో," అన్నాను. "కదలకు. చప్పుడు జెయ్యకు."

ఎందుకో ఆయన కూర్చున్నాడు. బురద కాళ్లతో, వంతెన అంచున, నా పక్కన. ఫోన్ మోగి మోగి ఆగింది. ఫోన్‌ను బురద మీద గురిపెట్టి నేను అలాగే ఉన్నాను. ఎంతసేపైందో. ముందు ఒక పసుపు చెయ్యి బయటికి వచ్చింది. తర్వాత ఇంకోటి. ఊపడం మొదలైంది. ఆరో బొరియలోంచి ఆమె బయటికి వచ్చింది. అదీ నచ్చలేదన్నమాట. కాళ్లకంటిన బురద దులుపుకుని ముందుకు నడిచింది.

"టైమయిపోయింది" అన్నాడు మా ఆయన నీరసంగా. "ఇంకోటి పంపుమంట శేఖర్‌ని."

"పంపుమను," అన్నాను ఫోటో తీస్తూ. "రేపెల్లుండి ఊరికి పోతం గద. దుకాణంల నా సర్టిఫికెట్ కిందున్న కుర్చీల కూసొని, మొత్తం చదివి, ఓటీపీ ఇయ్యాల్నో వద్దో అప్పుడు చెప్త."